కరువు చూసిన కళ్ళు

(గ్రేటర్ నోయిడాలోని తెలుగు కుటుంబాల సభలో చదివిన స్మారకోపన్యాస పాఠం)



మనం ఎవరిని తలచుకోవడానికి ఇక్కడ కూడామో, ఆ పిల్లల వైద్యులు తన పేరు మీద ఏ సభా పెట్టవద్దని చెప్పి వెళ్ళారు. సభ పెట్టి ఆయన మాట సగం దాటాం. పేరు పలకకుండా మిగతా సగమైనా నిలుపుకుందాం. డాక్టరుగారు అంటే చాలు, ఈ హాల్లో తెలియనివారు లేరు. ఈ పట్టణాన్ని కట్టడానికి 1991లో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఆ తరువాత కొన్నేళ్ళకు, పరీ చౌక్ చుట్టూ ఇంకా పొలాలే ఎక్కువగా ఉన్న రోజుల్లో, ఆయన ఢిల్లీలో ఉద్యోగం ముగించుకుని బీటా సెక్టారులో రెండు గదుల క్లినిక్కు తెరిచారు. ముందు గదిలో తూకం, లోపలి గదిలో బల్ల. ఎదుగుదల కార్డు మీద చుక్క పెట్టడానికి రెండు పెన్సిళ్ళు వాడేవారు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. బరువు తగ్గితే ఎర్రచుక్క పెడతారని తల్లులు అనుకునేవారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

నేను పెద్దవాళ్ళ గుండెలు చూసేవాణ్ణి. ఆయన పిల్లల బరువులు చూసేవారు. ఇద్దరం చూసే రోగి ఒకడేనని, మధ్యలో నలభై ఏళ్ళు గడుస్తాయంతేనని ఆయన అనేవారు. 52 దేశాల్లో జరిగిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనంలో, దక్షిణాసియా వారికి మొదటిసారి గుండెపోటు వచ్చిన మధ్యస్థ వయసు 53 అని తేలింది. మిగతా దేశాల వారికి దాదాపు 59. ఆ ఆరేళ్ళు ఎక్కడ పోయాయని నేను నా రోగుల్ని అడుగుతాను. సిగరెట్టు, చక్కెర జబ్బు, కొవ్వు, కూర్చుని చేసే ఉద్యోగం, ఇవన్నీ నిజమే. ఆయన మాత్రం లెక్కను ఇంకా వెనక్కి, ఉగ్గుగిన్నె దాకా తీసుకుపోయేవారు.

ఈ సాయంత్రం నేను చెప్పదలచింది ఒక్కటే. పసితనంలో ‘అతిగా తినిపించడం’ అంటే ఎంత అన్నది కంచాన్ని చూస్తే తేలదు, బిడ్డ వయసును చూస్తే తేలుతుంది. ఒక వయసులో ప్రాణం నిలిపే ముద్దే ఇంకో వయసులో గుండెకు భారమవుతుంది. ఆ రెండు వయసులకూ మధ్య గీత ఎక్కడుందో మన పిల్లలే చూపించారు, కొంత హైదరాబాదు పొలిమేర పల్లెల్లో, కొంత ఇక్కడికి గంట దూరంలోని దక్షిణ ఢిల్లీలో. ఆ గీత మన కంటికి ఆనదు. మనవి కరువు చూసిన కళ్ళు.

ఈ మాట నిందగా అనడం లేదు. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన నందన కరువు, 1876-78లో రాయలసీమను ఎండగట్టిన ధాత కరువు మన భాషలోనే మిగిలిపోయాయి. ‘ఒళ్ళు చేశాడు’ అంటే మెచ్చుకోలు. ‘చిక్కిపోయాడు’ అంటే తల్లి మీద మోపిన నేరం. బొద్దుగా ఉన్న బిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెడతాం, ఎముకలు తేలిన బిడ్డకు ఆ అవసరం ఉందనుకోం. పిల్లల్లో సగానికి సగం ఐదేళ్ళు నిండకుండా పోయే కాలంలో, వచ్చే జ్వరాన్నీ విరేచనాలనూ తట్టుకోవడానికి ఒంటి మీద కాస్త కండ, కాస్త కొవ్వు ఉండటమే బీమా. అమ్మమ్మ కళ్ళు ఆ కాలంలో సరిగ్గానే చూశాయి.

మన పోషకాహార శాస్త్రం పుట్టింది కూడా ఆ కళ్ళతోనే. 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ఒక గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన పెరిగి పెద్దదై, 1950ల చివర హైదరాబాదుకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలోని ఆ ప్రాంగణంలో సి. గోపాలన్ తరం శాస్త్రవేత్తల ముందున్న ప్రశ్న లేమి ఒక్కటే: కాళ్ళు వాచి జుట్టు రాగిరంగుకు తిరిగిన బిడ్డను ఎలా బతికించాలి? 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీల పథకం ఆ ప్రశ్నకు దేశమిచ్చిన జవాబు.

అంగన్‌వాడీ తిండి చాలాకాలం తరువాత గుండెకు ఏం చేసిందో చెప్పే అరుదైన పరిశీలన మన దగ్గరే జరిగింది. 1987 నుంచి 1990 దాకా, హైదరాబాదు దగ్గరి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో, పోషకాహార సంస్థ ఒక ప్రయోగం నడిపింది. 15 ఊళ్ళలో గర్భిణులకూ ఆరేళ్ళలోపు పిల్లలకూ రోజూ ఉప్మా వండి పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనె. తల్లులకు సుమారు 500 కేలరీలు, పిల్లలకు 300. పథకం ఇంకా రాని 14 ఊళ్ళు పోలికకు ఉన్నాయి. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వారయ్యాక, 2003-05లో, 1,165 మందిని మళ్ళీ వెదికి పట్టుకుని పరీక్షించారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగు. ఇన్సులిన్‌కు శరీరం మొండికేయడం వారిలో ఐదో వంతు తక్కువ. రక్తనాళాల బిరుసు కూడా కొంత తక్కువే. ఒంట్లో కొవ్వు మాత్రం పెరగలేదు. రక్తపోటులో, కొలెస్టరాల్‌లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఎక్కువ తినిపించడం చెడ్డదని నమ్మి ఈ ఫలితాన్ని చదివితే తికమక పడతాం. చాలీచాలని కడుపుకు, సరైన వయసులో, ఒక గరిటె ఎక్కువ వేయడం అతి కాదు. రక్తనాళాలు ఆ గరిటెను పదిహేనేళ్ళ తరువాత కూడా మరిచిపోలేదు.

ఇక ఢిల్లీ కథ. 1969 చివర, దక్షిణ ఢిల్లీలో పన్నెండు చదరపు కిలోమీటర్ల మేర ఇళ్ళన్నీ తిరిగి, 20,755 మంది వివాహిత స్త్రీల పేర్లు రాసుకున్నారు. సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో పిల్లల వైద్యం చూసిన డాక్టర్ శాంతి ఘోష్ ఆ పనికి ఆద్యులు. 1972 దాకా అక్కడ పుట్టిన 8,181 మంది పిల్లల్ని పుట్టినప్పుడు, తొలి ఏడాదిలో మూడేసి నెలలకు, ఆ తరువాత ఆరేసి నెలలకు ఇంటికి వెళ్ళి తూచారు, కొలిచారు. కంప్యూటర్లు లేవు, గుండెజబ్బు ఆలోచనే లేదు. తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్ని అర్థం చేసుకోవాలనే తాపత్రయం ఒక్కటే. ఆ కాగితాలు మిగిలాయి. ఎస్.కె. భార్గవ, హెచ్.పి.ఎస్. సచ్‌దేవ్, సౌతాంప్టన్ నుంచి కరోలిన్ ఫాల్, క్లైవ్ ఆస్మండ్ కలిసి, 26 నుంచి 32 ఏళ్ళ మధ్యకు వచ్చిన 1,492 మందిని మళ్ళీ చూశారు. 2004లో అచ్చయిన ఆ ఫలితం నా వృత్తిలో నేను చదివిన గొప్ప పాఠాల్లో ఒకటి. నూటికి దాదాపు పదిహేను మందిలో అప్పటికే చక్కెర నియంత్రణ చెడింది. వాళ్ళు పసితనంలో బొద్దు పిల్లలా? కాదు. రెండేళ్ళ దాకా సన్నగా ఉన్నవాళ్ళు. రెండు దాటాక వాళ్ళ గీత తోటిపిల్లల గీతల్ని ఒకటొకటిగా దాటుకుంటూ పైకి పోయింది. పన్నెండో ఏట కూడా వాళ్ళలో ఒక్కరూ స్థూలకాయుల లెక్కలోకి రాలేదు. చూపరికి మామూలు పిల్లలే. తప్పు బరువులో లేదు, బరువు ఎక్కిన తీరులో ఉంది.

2013లో అదే ఢిల్లీ పిల్లల్నీ, బ్రెజిల్, గ్వాటెమాలా, ఫిలిప్పీన్స్, దక్షిణాఫ్రికా పిల్లల్నీ కలిపి చూసినప్పుడు ఆ రెండు వయసుల మధ్య గీత ఇంకా తేటపడింది. మొదటి రెండేళ్ళలో పొడుగు ఎదిగినవాళ్ళు పెద్దయ్యాక పొడుగరులయ్యారు, చదువులోనూ ముందున్నారు. రెండేళ్ళ తరువాత, పొడుగుకు మించి బరువు ఎక్కినవాళ్ళకు దక్కింది ఎక్కువగా ఊబకాయమూ రక్తపోటూ.

ఇక్కడ ఒక సంగతి దగ్గర నుంచి చూడాలి. బిడ్డ ఏడాది దాకా ఒళ్ళు చేస్తుంది. నడక వచ్చాక, రెండు నుంచి అయిదారేళ్ళ మధ్య, బుగ్గలు కరుగుతాయి, బొజ్జ లోపలికి పోతుంది, పక్కటెముకల నీడ కనిపిస్తుంది. ఎత్తుతో పోల్చిన బరువు ఆ వయసులో దాదాపు అందరు పిల్లల్లోనూ తగ్గుతుంది, ఆ తరువాతే మళ్ళీ ఎక్కుతుంది. ఆ మలుపు అయిదారేళ్ళకు రావలసింది అంతకు ముందే వస్తే, పెద్దయ్యాక లావెక్కే అవకాశం పెరుగుతుందని ఫ్రాన్సులో రోలాండ్ కషేరా 1984లోనే గమనించారు. అంటే ప్రకృతి బిడ్డను చిక్కనిచ్చే వయసు ఒకటుంది. సరిగ్గా ఆ వయసులోనే మన ఇళ్ళలో కలవరం మొదలవుతుంది. ‘నడక వచ్చినప్పటి నుంచీ చిక్కి సగమయ్యాడు’ అనని ఇల్లు నేను చూడలేదు.

మొన్న ఈ పట్టణంలోనే, ఒక పద్నాలుగో అంతస్తు ఫ్లాటులో, మూడేళ్ళ బాబుకు అన్నం పెట్టడం చూశాను. బాబు చేతిలో ఫోను, ఫోనులో బొమ్మల కథ. అమ్మమ్మ పప్పన్నంలో నెయ్యి వేసి, మెత్తగా పిసికి, ముద్ద నోటి దగ్గరకు తెస్తుంది. నోరు తనంతట తాను తెరుచుకుంటుంది. అయిదారు ముద్దల తరువాత బాబు ముద్దను బుగ్గన పెట్టుకున్నాడు. మింగడు, ఊయడు. అమ్మమ్మ బుగ్గ మీద వేలితో మెల్లగా తట్టింది. దానికీ మింగకపోతే ఫోనులో కథ ఆపింది. కథ మళ్ళీ నడవాలంటే మింగాలి. మింగాడు. గిన్నె ఖాళీ అయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది. అమ్మమ్మ ముఖంలో, పక్కనున్న బాబు తల్లి ముఖంలో కనిపించిన ఊరట చూస్తే నాకు ఏ మాటా రాలేదు. బుగ్గన పెట్టుకోవడమంటే చాలని చెప్పడమే. మాటలు సరిగా రాని బిడ్డకు ఆ మాట చెప్పే భాష అదొక్కటే.

ఆ భాషను చెరిపేస్తే లోపల ఏం జరుగుతుందో ఎలుకలు చెప్పాయి. కేంబ్రిడ్జిలో మెకాన్స్, విడోసన్ అరవై ఏళ్ళ కిందట ఎలుక పిల్లల్ని పంచిపెట్టారు, ఒక తల్లి దగ్గర మూడే, ఇంకో తల్లి దగ్గర పదిహేనో ఇరవయ్యో. మూడే ఉన్నచోట పాలు పుష్కలం. మూడు వారాలకు పాలు మాన్పించాక అందరికీ ఒకే తిండి, కావలసినంత. అయినా ఆ మూడు వారాల తేడా బతుకంతా పోలేదు. అదే పద్ధతితో తరువాత ఎన్నో చోట్ల చేసిన పరిశోధనల్లో, పసితనంలో అతిగా పాలు తాగిన జీవాలకు ఆకలిని అదుపు చేసే మెదడు భాగం వేరుగా అల్లుకోవడం, ఇన్సులిన్, రక్తపోటు పెరగడం, గుండె కండరం మందమవడం కనిపించాయి. ఎలుక మనిషి కాదు. కానీ పుట్టిన కొద్దికాలంలోనే కొత్త గుండె కండర కణాలు పుట్టడం దాదాపు ఆగిపోతుంది, ఆ తరువాత ఉన్నవే లావెక్కుతాయి. ఇందులో మనిషికీ ఎలుకకూ పెద్ద తేడా లేదు. పసివయసు గడువున్న వయసు. ఇక రక్తనాళాల సంగతి: కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెల్ని కోసి చూస్తే నూటికి 77 మందిలో జబ్బు ఆనవాళ్ళు కనిపించాయని 1953లో రాశారు. వాళ్ళ సగటు వయసు 22; జబ్బు అంతకు ముందే మొదలైందన్నమాట.

పాలడబ్బా గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. తల్లిపాలలో వంద మిల్లీలీటర్లకు మాంసకృత్తులు దాదాపు ఒక గ్రాము. ఆవుపాలలో మూడు దాటి, గేదెపాలలో ఇంకా ఎక్కువ. జర్మనీ, బెల్జియం, ఇటలీ, పోలండ్, స్పెయిన్లలో జరిగిన ఒక ప్రయోగంలో, మాంసకృత్తులు ఎక్కువున్న పాలపొడి తాగిన పిల్లల్లో ఆరేళ్ళకు ఊబకాయం రెండు రెట్లు దాటింది. బ్రిటన్‌లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో, దాతల తల్లిపాలు తాగినవారికి 13-16 ఏళ్ళకు సగటు రక్తపోటు, ప్రత్యేక పాలపొడి తాగినవారికన్నా నాలుగు మిల్లీమీటర్లు తక్కువ ఉంది. ఇందులోనూ చిక్కుంది. నెలలు నిండని బిడ్డకు త్వరగా ఎదగడం మెదడుకు మేలు చేస్తుంది. ఆ బిడ్డ విషయంలో మెదడుకూ గుండెకూ మధ్య వైద్యుడు తూకం వేయాలి. తల్లిపాలు పడితే చాలు గుండె పదిలమని హామీ ఇవ్వడానికీ లేదు. బెలారూస్‌లో పదిహేడు వేల మంది పిల్లలతో చేసిన పెద్ద ప్రయోగంలో తల్లిపాలు పెరిగాయి కానీ, బాల్యంలో ఊబకాయం తగ్గలేదు.

ఉగ్గుగిన్నెను కూడా నేను పూజలో పెట్టను. పసిబిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి, ముక్కు నొక్కి, ఆముదం పోసింది ఆ గిన్నెతోనే. అయినా ఆ గిన్నెకు ఒక గుణం ఉంది. పట్టేది కొద్ది చెంచాలు. బిడ్డ తల తిప్పితే గిన్నె ఆగుతుంది. డబ్బాపాలకు వచ్చేసరికి చెంచా లెక్క మారింది. చెంచా తల గీకి సమంగా వేయాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. మనవాళ్ళకు సమంగా గీకడం పిసినారితనం. తలకట్టి వేస్తారు. పాలు చిక్కనైతే బిడ్డకు దాహమవుతుంది, దాహానికి ఏడుస్తుంది, ఏడుపు ఆకలిగా వినిపిస్తుంది, మళ్ళీ సీసా. నీళ్ళు కావలసిన బిడ్డకు పాలు పడుతూ పోతాం.

ఇది చెప్పడానికి నాకు ప్రత్యేకమైన అర్హత ఉంది. 1996లో మా అబ్బాయి పుట్టాడు. నాలుగో నెల దాకా తల్లిపాలతో చక్కగా పెరిగాడు. అయిదో నెలలో కార్డు మీద వాడి గీత వంగింది. ఒక ఆసుపత్రిలో ‘బరువు చాలడం లేదు, డబ్బా మొదలుపెట్టండి’ అన్నారు. వైద్యుణ్ణి అయి ఉండీ ఆ కార్డును ప్రశ్నించలేదు. అప్పటి కార్డుల మీది గీతలు ఎవరి పిల్లలవో తెలుసుకున్నది చాలా తరువాత. అమెరికా ఒహాయో రాష్ట్రంలో 1929 నుంచి నాలుగైదు దశాబ్దాలు కొలిచిన పిల్లలవి, ఎక్కువమంది సీసాపాల పిల్లలు. 1970ల చివర ప్రపంచమంతటికీ అవే కొలబద్ద అయ్యాయి. తల్లిపాల బిడ్డ తొలి నెలల్లో త్వరగా, ఆ తరువాత నెమ్మదిగా ఎదుగుతుంది. ఆ నెమ్మది ఆ కార్డు మీద లోపంగా కనబడేది. దాన్ని సరిదిద్దడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో తల్లిపాల పిల్లల్ని కొలిచి 2006లో కొత్త ప్రమాణాలు ఇచ్చింది. ఆ ఆరు చోట్లలో ఒకటి మళ్ళీ దక్షిణ ఢిల్లీయే. ఆ మధ్య దశాబ్దాల్లో ఎన్ని ఇళ్ళలో ఎన్ని చెంచాలు తలకట్టి వేశారో ఎవరూ లెక్కించలేరు. మా ఇంట్లో వేసింది మా అమ్మ. కలిపింది నేను.

దేశం ఇప్పుడు రెండు కాలాల్లో ఒకేసారి బతుకుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 35 మందికి పైగా వయసుకు తగ్గ ఎత్తు లేదు. అంతకు ముందు సర్వేలో అధిక బరువు పిల్లలు నూటికి 2.1 ఉంటే ఈసారి 3.4. సంఖ్య చిన్నదే, నడక మాత్రం ఒకవైపుకే. ఇక్కడి గేటు లోపల అమ్మమ్మ బొమ్మల కథ ఆపి అన్నం మింగిస్తున్న గంటలోనే, గేటు బయట కట్టడం పనికి వచ్చిన కూలీల బిడ్డ ఇసుక కుప్ప పక్కన రొట్టె ముక్క నములుతూ ఉంటుంది. ఆ బిడ్డకు రంగారెడ్డి ఉప్మా కావాలి. ఈ బిడ్డకు బుగ్గన పెట్టుకునే హక్కు కావాలి. డాక్టరుగారి క్లినిక్కులో ఇద్దరూ ఒకే తూకం ఎక్కేవారు. కూలీల బిడ్డ గీత పైకి ఎక్కితే ఆయన నీలి చుక్క పెట్టి, తల్లితో చాలాసేపు మాట్లాడేవారు.

ఎర్ర పెన్సిలు మరో గీతకు. రెండేళ్ళు దాటిన బిడ్డ, పొడుగు ఎదిగిన దానికన్నా వేగంగా బరువు ఎక్కి, ఒక గీత దాటి పై గీతను తాకితే, ఆ చోట ఎర్రచుక్క. ఢిల్లీ ఫలితం అచ్చు కావడానికి ముందు నుంచే ఆయన అలా పెడుతున్నారు. ఎందుకని నేను అడిగినప్పుడు, పుట్టినప్పుడు చిన్నగా ఉండి తరువాత తొందరపడిన పిల్లలే పెద్దవాళ్ళై మీ దగ్గరికి వస్తున్నారు కదా, వాళ్ళ చిన్నప్పటి ఫొటో ఒకటి తెమ్మని అడిగి చూడండి అన్నారు. అడిగాను. కొందరు తెచ్చారు. మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లల ఫొటోలు, అన్నింట్లోనూ గుండ్రటి ముఖం, బుగ్గన చుక్క. ఫొటోలతో శాస్త్రం చేయలేం. కానీ ఆ తరువాత నా రోగి పక్కన ఒక బిడ్డ కూడా కూర్చుని ఉన్నట్టు నాకు అనిపిస్తుంది.

ఆయన పోయాక, వారి అమ్మాయి పాత కార్డుల పెట్టె తెరిచి, మాది మాకు ఇచ్చింది. మా అబ్బాయికి ఇప్పుడు ముప్ఫై ఏళ్ళు కావస్తున్నాయి. లావుగా ఉండడు. పోయిన నెల ఏదో ఉద్యోగానికి చేసిన వైద్య పరీక్షలో తన రక్తపోటు 142 చూపించిందని ఫోను చేశాడు. కంగారు పడవద్దని, మళ్ళీ చూపించుకోమని, ఉప్పు తగ్గించమని, ఏ వైద్యుడైనా చెప్పేవే చెప్పాను. ఫోను పెట్టేసి ఆ కార్డు తీసి చూశాను. మూడేళ్ళ తొమ్మిది నెలల దగ్గర ఎర్రచుక్క ఉంది. ఆ రోజు క్లినిక్కు నుంచి ఇంటికి వస్తూ, వాడు ఒళ్ళు చేశాడని మా ఆవిడతో సంతోషంగా చెప్పినట్టు నాకు బాగా గుర్తు.

ఆ కార్డు ఇవాళ వెంట తెచ్చాను. ఈ ఉపన్యాసం రేపు అచ్చయితే ఆ చుక్క నల్లగా పడుతుంది. అందుకని ఇక్కడే ఒకసారి, ముందు వరసలో కూర్చున్న అమ్మమ్మల చేతికి ఇస్తున్నాను. చూసి వెనక్కి అందించండి.